మచ్చా? గడ్డా? ఒక ఎమ్మారై ప్రాజెక్టు డైరీ

జూన్ 9

ఈసారి మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. పోయినేడాది చేసిన పనిలో ఏ పేషెంటును ఎందుకు తీసేశానో మూడు నెలలు తిరిగేసరికి నాకే తెలియకుండా పోయింది. ఫోల్డర్‌లో చూస్తే "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అని మూడు ఎక్సెల్ షీట్లు. మూడింటిలో మూడు లెక్కలు.

సంగతి ఇది. పెద్దపేగు చివర, మలద్వారానికి పైన ఉండే దాదాపు 15 సెంటీమీటర్ల భాగాన్ని రెక్టమ్ అంటారు. అక్కడ వచ్చిన క్యాన్సర్ పేగు గోడ దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి పాకితే నేరుగా కత్తి పట్టరు. ముందు కరెంటు పెడతారు. రేడియేషన్‌ని మన వార్డుల్లో అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు, నాకూ అదే అలవాటైంది. వారానికి ఐదు రోజుల చొప్పున 28 సార్లు, మొత్తం 50.4 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత), పక్కన కాపెసిటాబిన్ అనే కీమో మాత్రలు. లేదంటే ఐదు రోజుల్లోనే 25 గ్రే పెట్టేసి, తర్వాత కీమో. కొన్ని వారాలు ఆగి మళ్లీ ఎమ్మారై, ఆపైన ఆపరేషన్. పేగునీ దాని చుట్టూ ఉన్న కొవ్వునీ ఒకే మూటలా, పైపొర చిరగకుండా తీస్తారు. ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో రాసిన పద్ధతి అది.

తీసిన పేగు పాథాలజీకి పోతుంది. అసలు చిక్కు అక్కడుంది. ఎక్కువ రోజులు కరెంటు పెట్టించుకున్నవాళ్లలో వందకు పదిహేను మంది దాకా, ఆ పేగులో ఒక్క క్యాన్సర్ కణమూ దొరకదు. కీమో కూడా ఆపరేషన్‌కి ముందే ఇచ్చేసిన రాపిడో, ప్రాడీజ్-23 ట్రయల్స్‌లో ఇది 28 శాతం దాకా వచ్చింది. అంటే వాళ్లకి లేని గడ్డ కోసం పేగు తీశాం. గడ్డ మలద్వారానికి ఆనుకుని ఉన్నవాళ్లకైతే మలం పోవడానికి పొట్ట మీద పెట్టే సంచి జీవితాంతం ఉండిపోతుంది.

బ్రెజిల్‌లోని సావో పాలోలో ఆంజెలీటా హబర్-గామా బృందం 2004లో ఒక పేపర్ వేసింది: గడ్డ పూర్తిగా కరిగినట్టు కనిపించినవాళ్లకి ఆపరేషన్ చేయకుండా, గట్టిగా కనిపెట్టుకుని ఉంటే చాలామంది బాగానే ఉన్నారని. చాలాకాలం సర్జన్లు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నారు. కాకపోతే ఎవరిని అలా వదలొచ్చో ముందే తేల్చడం ఎలా?

మా రేడియాలజీ మేడమ్ ఇవాళ మీటింగ్‌లో ప్రాజెక్టు మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పేశారు. "కరెంటు పెట్టాక టీ2 బొమ్మలో అక్కడంతా నల్లగా కనిపిస్తుంది బాబూ. అది మచ్చా, మచ్చలో దాక్కున్న గడ్డా? నా కంటికి తెలియట్లేదు. నీ కంప్యూటర్‌కి తెలుస్తుందేమో చూడు." టీ2 అంటే ఎమ్మారై తీసే బొమ్మల్లో ఒక రకం.

జూన్ 23

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. డేటా కూడా వచ్చింది, గోనెసంచిలో. అతిశయోక్తి కాదు, నిజంగానే సీడీలు ఒక బియ్యం సంచిలో వేసి ఇచ్చారు. కరెంటు తర్వాతి ఎమ్మారైలు మా సిస్టమ్‌లోనే ఉన్నాయి గానీ, మొదటివి చాలావరకు పేషెంట్లు వాళ్ల ఊళ్ల దగ్గర డయాగ్నొస్టిక్ సెంటర్లలో తీయించుకున్నవి. నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు. సికింద్రాబాద్ సీటీసీకి పోయి ఒకటి కొనుక్కొచ్చాను. షాపతను నన్నూ డ్రైవ్‌నీ మార్చిమార్చి చూశాడు.

పేర్లు తీసేయడానికే వారం పట్టింది. డైకామ్ ఫైలులో, అంటే స్కాన్ బొమ్మలు దాచే ఫైలులో, పేషెంటు పేరు గడి ఖాళీ చేస్తే అయిపోతుందనుకుంటారు అందరూ. ఫోల్డర్ పేరే పేషెంటు పేరు. కంపెనీవాళ్లు సొంతంగా పెట్టుకున్న గడుల్లో మళ్లీ పేరు. కొన్నిటిలో టెక్నీషియన్ తీసిన స్క్రీన్‌షాట్, దాని మీద పేరు, వయసు తెల్లటి అక్షరాల్లో బొమ్మలోనే కలిసిపోయి ఉన్నాయి. ఆ సిరీస్‌లు మొత్తం పక్కన పడేశాను. తేదీలను మాత్రం తీసేయలేదు. ఒక్కో పేషెంటుకి ఒక్కో అంకె ఎంచుకుని, అతని తేదీలన్నిటినీ అన్ని రోజులు వెనక్కి జరిపాను. కరెంటు అయ్యాక ఎన్ని వారాలకి ఎమ్మారై తీశారు, ఎన్ని వారాలకి ఆపరేషన్ చేశారు అన్న ఎడం నాకు కావాలి. గడ్డ కరగడం కరెంటు ఆపగానే ఆగదు, వారాల తరబడి సాగుతుంది. ఎడం తెలియకపోతే ఎనిమిదో వారం బొమ్మనీ పద్నాలుగో వారం బొమ్మనీ ఒకే గాటన కట్టేస్తాం.

జులై 7

143 మందితో మొదలుపెట్టి 96 దగ్గర ఆగాం. ఈసారి కారణాలు రాస్తున్నా. 21 మందివి బయటి ఎమ్మారైలు పనికిరాలేదు: కొన్ని ఫిల్ములు మాత్రమే, కొన్నిట్లో స్లైసు మందం ఆరు మిల్లీమీటర్లు, కొన్ని గడ్డకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసినవి. మూడు మిల్లీమీటర్ల స్లైసు, గడ్డ ఉన్న చోట పేగుకి సరిగ్గా అడ్డంగా, ఇది లేకపోతే గోడ మందం అబద్ధం చెబుతుంది. ఐమూలగా కోసిన అరటికాయ ముక్క గుండ్రంగా ఉండదుగా. 11 మందికి నీటి అణువుల కదలికని చూపే డిఫ్యూజన్ బొమ్మ లేదు, లేదా పేగులో గ్యాస్ వల్ల వంకర్లు పోయింది.

మిగతా 15 మంది ఆపరేషన్‌కి రాలేదు.

ఈ 15 మంది నన్ను వదలడం లేదు. వీళ్లకి ఫోన్లు చేసిన కోఆర్డినేటర్ పక్కన కూర్చుని నోట్సు చదివాను. "రక్తం ఆగిపోయింది, మోషన్ బాగానే అవుతోంది, ఇంకెందుకు కోయించుకోవడం" అన్నవాళ్లు ఉన్నారు. మూలశంక అనుకుని ఏడాదిపాటు మందులు వాడి, ఆఖరికి క్యాన్సర్ అని తెలిసి వచ్చినవాళ్లకి, కరెంటు పెట్టగానే అంత బాధా పోతే ఆగిపోవాలని అనిపించదా? కానీ చూడండి, అందరికన్నా బాగా కరిగినవాళ్లే ఆపరేషన్ మానుకునే అవకాశం ఎక్కువ. వాళ్లకి పాథాలజీ రిపోర్టు లేదు కాబట్టి మన లెక్కలో వాళ్లు లేరు. ఏ మోడల్‌కి (బొమ్మల నుంచి జవాబు చెప్పడం నేర్చుకునే ప్రోగ్రామ్‌కి) నేర్పినా ఆపరేషన్ బల్ల దాకా వచ్చినవాళ్ల గురించే నేర్పుతాం.

96లో 17 మందికి పూర్తిగా పోయింది. "పూర్తిగా" అంటే పేగు గోడలోనూ లేదు, లింఫు గ్రంథుల్లోనూ లేదు. పాథాలజీ డాక్టర్‌గారు ఒక సంగతి చెప్పారు: కొన్ని గడ్డలు జిగురు తయారుచేసేవి. కణాలన్నీ చచ్చిపోయినా జిగురు మడుగుల్లా మిగిలిపోతుంది. అందులో కణం లేకపోతే అదీ పూర్తి స్పందన కిందే లెక్క. ఎమ్మారైలో మాత్రం ఆ జిగురు తెల్లగా మెరుస్తూ, గడ్డ బతికే ఉందన్నట్టు కనిపిస్తుంది. పైగా మచ్చ మొత్తాన్నీ బ్లాకులు కోసి చూస్తేనే "లేదు" అన్న మాటకి విలువ. నాలుగు ముక్కలు చూసి లేదంటే, చూసిన నాలుగు ముక్కల్లో లేదని. మనం నిజం అని పెట్టుకున్న కాలమ్ కూడా ఎవరో ఒకరు మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఇచ్చిన అభిప్రాయమే.

జులై 28

సీటీ నుంచి ఎమ్మారైకి వచ్చినవాళ్లు మొదట తినే దెబ్బ నేనూ తిన్నాను. సీటీలో అంకెకి అర్థం ఉంది: నీళ్లు సున్నా, గాలి మైనస్ వెయ్యి. ఎమ్మారై టీ2లో 340 అంటే ఏమీ లేదు. అదే మనిషి, అదే మెషీను, రేపు తీస్తే 510 రావచ్చు. అందుకని ముందు కాయిల్ దగ్గర వెలుగు ఎక్కువ, దూరంలో తక్కువ ఉండే హెచ్చుతగ్గుల్ని సరిచేసి, తర్వాత ప్రతి బొమ్మనీ దాని సగటుతో, వ్యాప్తితో కొలిచి ఒకే స్కేలుకి తెచ్చాను. డిఫ్యూజన్ బొమ్మ నుంచి లెక్కకట్టే ఏడీసీ మ్యాపు కొంత నయం, దానికి యూనిట్ ఉంది. నీటి అణువులు కణాల మధ్య ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయో చెబుతుంది. కిక్కిరిసిన గడ్డలో తక్కువ, కణాలు చచ్చి ఖాళీ అయితే ఎక్కువ.

రెండోది పిక్సెల్ ఆకారం. స్లైసులో అటూ ఇటూ 0.6 మిల్లీమీటర్లు, స్లైసుకీ స్లైసుకీ 3 మిల్లీమీటర్లు. పిక్సెల్ అనుకుంటాం గానీ నిలబెట్టిన ఇటుక. టెక్స్చర్ అంటే పక్కపక్క పిక్సెళ్లు ఎంత పోలి ఉన్నాయి, ఎంత తేడాగా ఉన్నాయి అన్న లెక్క. బొంబాయి రవ్వకీ మైదాకీ వేళ్ల మధ్య తేడా తెలిసినట్టు. ఒక పక్క పొరుగువాడు అరమిల్లీమీటరు దూరంలో, ఇంకో పక్క పొరుగువాడు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆ పోలికకి అర్థం లేదు. స్లైసు లోపలే లెక్క కట్టమని, బొమ్మల్లోంచి ఇలాంటి కొలతలు తీసే పైరేడియోమిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను.

ఈ టెక్స్చర్ లెక్కలు పుట్టింది ఆసుపత్రిలో కాదు. 1973లో హారలిక్, షణ్ముగం, డిన్‌స్టీన్ అనే ముగ్గురు ఇసుకరాళ్ల ఫోటోలనీ, విమానం నుంచీ ఉపగ్రహం నుంచీ తీసిన నేల ఫోటోలనీ రకాలుగా విడదీయడానికి రాసిన పేపర్‌లోవి. రాళ్లూ పొలాలూ గుర్తుపట్టడానికి పెట్టిన కొలతలు ఇవాళ మనుషుల పేగుల మీద నడుస్తున్నాయి. పనిచేస్తే చేయనీ.

ఆగస్టు 18

గడ్డ చుట్టూ గీత గీయడం. ఈ మొత్తం పనిలో కూలిపని ఇదే, ప్రాణం కూడా ఇదే. త్రీడీ స్లైసర్‌లో ఒక్కో స్లైసు తెరిచి మౌస్‌తో గడ్డ అంచు వెంట గీయాలి. ఒక మనిషికి పది పదిహేను స్లైసులు, ముందుదీ తర్వాతదీ కలిపి రెట్టింపు. రేడియాలజీ పీజీ అబ్బాయి ఒకడు ముందుకొచ్చాడు. రాత్రి డ్యూటీలో కేసులు లేనప్పుడు గీస్తున్నాడు. బుద్ధిమంతుడు, చేయి నిలకడగా ఉంది. అతనికి సులువుగా ఉంటుందని అన్ని వివరాలూ ఉన్న షీట్ పంపాను, ఏ పేషెంటు ఏ ఫోల్డరో చూసుకోవడానికి.

గీతలు ఎంత నమ్మదగ్గవో చూడటానికి 30 మంది బొమ్మల్ని మేడమ్‌ని కూడా విడిగా గీయమన్నాను. ఆవిడకి టైమ్ ఎక్కడిది? కరెంటు ముందు బొమ్మలు మాత్రం గీసి ఇచ్చారు. ఇద్దరి గీతలూ బాగా కలిశాయి. ఇద్దరి గీతల్లోనూ నిలకడగా ఉన్న ఫీచర్లని, అంటే గీత లోపలి భాగం నుంచి లెక్కకట్టిన కొలతలని, ఉంచి మిగతావి తీసేశాను. కరెంటు తర్వాతి బొమ్మలకి కూడా అదే జాబితా వాడేశాను. అలాగే ఉంటాయిలే అనుకున్నాను.

సెప్టెంబరు 6

0.91!

పైరేడియోమిక్స్ మామూలు బొమ్మ మీద 107 ఫీచర్లు ఇస్తుంది: ఆకారానివి 14, అంకెల సగటూ వ్యాప్తీ లాంటివి 18, మిగతావి టెక్స్చర్. బొమ్మని నునుపు భాగాలుగా, గరుకు భాగాలుగా విడదీసే వేవ్‌లెట్ జల్లెళ్లు కూడా పడితే 851. టీ2కి ఒకసారి, ఏడీసీకి ఒకసారి, కరెంటుకి ముందొకసారి, తర్వాతొకసారి. మొత్తం 3404 కాలమ్‌లు, 96 వరుసలు. నిలకడ లేనివి తీసేశాక కూడా రెండు వేలకి పైనే. అందులోంచి ఫలితానికి దగ్గరగా నడిచే పదింటిని ఎంచి, మోడల్ కట్టి, ఐదు భాగాల క్రాస్ వాలిడేషన్‌లో (ఒక్కో భాగాన్ని దాచి, మిగతావాటితో నేర్పి, దాచినదాని మీద పరీక్ష పెట్టడం) చూస్తే ఏయూసీ 0.91.

ఏయూసీ తెలియనివాళ్ల కోసం: పూర్తిగా తగ్గిన పేషెంటు ఒకరినీ, తగ్గని పేషెంటు ఒకరినీ చీటీ తీసి పక్కపక్కన నిలబెడితే, తగ్గినవాళ్లకి మోడల్ ఎక్కువ మార్కు ఇచ్చే అవకాశం అది. 0.5 అంటే బొమ్మా బొరుసా. 1 అంటే దేవుడు. మాది దేవుడి పక్క వీధి. సాయంత్రం అందరికీ బిర్యానీ నా ఖాతాలో.

సెప్టెంబరు 9

బిర్యానీ అరిగింది.

ఆదివారం రాత్రి నిద్ర పట్టక ఒక పాత అలవాటు కొద్దీ ఫలితాల కాలమ్‌ని పేకముక్కల్లా కలిపేశాను. ఎవరి ఫలితం ఎవరికో పోయింది. బొమ్మలకీ ఫలితాలకీ ఇప్పుడు చుట్టరికం లేదు. మోడల్ నిజాయితీ గలదైతే 0.5 రావాలి. 0.82 వచ్చింది. మళ్లీ కలిపాను, 0.79. మళ్లీ, 0.84.

తర్వాత ఎమ్మారైలన్నీ పక్కనపెట్టి, 96 వరుసలు, 3404 కాలమ్‌లు పచ్చి రాండమ్ అంకెలతో నింపాను. అందులో పేషెంటు లేడు, పేగు లేదు, కరెంటు లేదు. 0.9 దాటింది.

కారణం తెలిసినదే, పుస్తకాల్లో ఉన్నదే, నేనే ఇద్దరు ముగ్గురికి పాఠం చెప్పినదే. ఆ పది ఫీచర్లని ఎంచేటప్పుడు 96 మందినీ చూశాను. ఆ తర్వాతే ఐదు భాగాలు చేసి, ఒక భాగాన్ని దాచి పరీక్ష పెట్టాను. ప్రశ్నపత్రం చూసి ఏ పది ప్రశ్నలు చదవాలో ఎంచుకుని, తర్వాత ఇన్విజిలేటర్ ముందు బుద్ధిగా కూర్చుని రాసినట్టు. మూడు వేల కాలమ్‌లలో 17 మందికి కాకతాళీయంగా సరిపోయేవి ఓ పది ఎప్పుడూ దొరుకుతాయి.

ఈ కలిపే పరీక్ష ఐదు నిమిషాల పని. బిర్యానీకి ముందే చేసి ఉండాల్సింది.

సెప్టెంబరు 21

స్కేలింగూ, ఫీచర్ల ఎంపికా, ఎంత కఠినంగా ఎంచాలన్న సెట్టింగూ, అన్నీ ఇప్పుడు శిక్షణ భాగం లోపలే. దాచిన భాగాన్ని చివరి దాకా ఏ లెక్కా ముట్టుకోదు. ఏయూసీ 0.79. ఫలితాలు కలిపి చూస్తే 0.5 చుట్టూనే తిరుగుతోంది. దొంగ దొరికాడు, ఇక నిద్రపోవచ్చు అనుకున్నాను.

అక్టోబరు 14

దసరా సెలవుల తర్వాత మొదటి మీటింగ్. మేడమ్ మోడల్ ఏ ఫీచర్ల మీద ఆనుకుని ఉందో చూపించమన్నారు. పైన ఉన్నవన్నీ ఆకారానివే, అవీ కరెంటు తర్వాతివి: ఘనపరిమాణం, ఉపరితలానికీ ఘనపరిమాణానికీ నిష్పత్తి, మందం. టెక్స్చర్లు ఎక్కడో అడుగున.

"అంటే గడ్డ చిన్నదైతే తగ్గినట్టు. దీనికి ఇంత మెషీన్ లెర్నింగ్ ఎందుకయ్యా, స్కేలు పెట్టి కొలిస్తే పోలా?" అన్నారు. నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఒక పేషెంటు బొమ్మ తెరవమన్నారు. పూర్తిగా తగ్గినవాళ్లలో ఒకటి. కరెంటు తర్వాతి టీ2, ఏడో స్లైసు. పేగు గోడ ఎడమ పక్కన గడియారంలో రెండు నుంచి ఆరు దాకా మందంగా, నల్లగా ఉంది. పీజీ గీసిన గీత మాత్రం మూడు నుంచి నాలుగు దాకా, సన్నగా గోరు గాటులా ఉంది.

"ఇక్కడెందుకు ఆపావు?" అని ఆ అబ్బాయిని అడిగారు.

అతను దాపరికం లేకుండా చెప్పాడు. "దీంట్లో ట్యూమర్ లేదు కదా మేడమ్. హిస్టోపాథ్ నిల్ వచ్చింది. అందుకని బాగా నల్లగా ఉన్నంతవరకే గీశాను."

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇంకో పేషెంటు తెరిచాం. అచ్చం అలాంటి నల్లటి మందమే, కానీ పాథాలజీలో గడ్డ మిగిలింది. అక్కడ గీత రెండు నుంచి ఆరు దాకా పూర్తిగా, అంచుల బయట ఒక పిక్సెల్ కలుపుకుని మరీ ఉంది. ఎందుకంటే అక్కడ గడ్డ "ఉంది" కాబట్టి వెతికి పట్టుకున్నాడు. అతని తప్పేం లేదు. జవాబు ముందే తెలిసిన ఏ కన్ను అయినా అలాగే గీస్తుంది. షీట్ పంపింది నేను. "అన్ని వివరాలూ" అన్న చోట పాథాలజీ కాలమ్ కూడా ఉంది.

మోడల్ నేర్చుకున్నది గడ్డని కాదు, ఆ అబ్బాయి చేతిని. జవాబు షీట్‌లోంచి అతని కంట్లోకి, కంట్లోంచి మౌస్‌లోకి, మౌస్‌లోంచి ఆకారం ఫీచర్లలోకి వచ్చి చేరింది. మోడల్ దాన్ని మళ్లీ మనకే చదివి వినిపించింది.

దీన్ని కలిపే పరీక్ష ఎందుకు పట్టుకోలేదని రాత్రంతా ఆలోచించాను. ఫలితాలు కలిపేసినప్పుడు గీతకీ ఫలితానికీ ఉన్న ముడి కూడా తెగిపోతుంది. కాబట్టి 0.5 వస్తుంది, కోడ్ శుభ్రంగానే ఉందని చెబుతుంది. కోడ్ నిజంగానే శుభ్రం. మురికి కోడ్‌లోకి రాకముందే డేటాలో కలిసింది. మేడమ్‌చేత కరెంటు తర్వాతి బొమ్మలు కూడా గీయించి ఉంటే ఆగస్టులోనే ఇద్దరి గీతలూ కలవక బయటపడేది. ఆవిడ ఆ షీట్ చూడలేదు మరి.

నవంబరు 10

మళ్లీ గీశాం. ఈసారి ఇద్దరు కొత్త పీజీలు, ప్రాజెక్టు ఏమిటో కూడా పూర్తిగా తెలియనివాళ్లు. ఫైళ్లకి అర్థం లేని కోడ్ పేర్లు, వరుస కలిపేశాం, ఒక పేషెంటు ముందూ తర్వాతా బొమ్మలు వెంటవెంటనే రాకుండా చూశాం. ఏ కోడ్ ఎవరిదో తెలిపే షీట్ నా దగ్గర కూడా లేదు, మేడమ్ లాకర్‌లో ఉంది. పాత అబ్బాయే నియమాలు రాసిచ్చాడు: కరెంటుకి ముందు గడ్డ ఎక్కడుందో ఆ మేర మొత్తం, ఇప్పుడు ఏ రంగులో ఉన్నా సరే, గీతలో రావాలి. తను పడిన గుంట ఎక్కడుందో తనకన్నా ఎవరికి తెలుసు.

ఊహించినట్టే, కరెంటు తర్వాతి బొమ్మల్లో ఇద్దరి గీతలూ బాగా విడిపోయాయి. ఇద్దరికీ కుదిరిన ఫీచర్లనే ఉంచితే జాబితా చాలా కుదించుకుపోయింది, ఆకారానివి దాదాపు అన్నీ పోయాయి.

ఏయూసీ 0.68.

పోలిక కోసం ఇంకొకటి కట్టాను. అందులో రెండే అంకెలు: కరెంటుకి ముందు గడ్డ ఘనపరిమాణం, కరెంటు తర్వాత మేడమ్ కంటితో ఇచ్చిన గ్రేడు. గ్రేడు ఇచ్చేది, రెక్టమ్ క్యాన్సర్ ఎమ్మారైల మీద జరిగిన మెర్క్యురీ స్టడీ వాళ్ల పద్ధతిలో. ఒకటి అంటే మొత్తం పోయి మచ్చ ఆనవాలే, ఐదు అంటే గడ్డ ఎక్కడిదక్కడే. ఈ రెండంకెల మోడల్‌కి 0.70. రెండింటి చుట్టూ ఉన్న సందేహపు పట్టీ (అసలు విలువ ఉండగల మేర) 0.55 నుంచి 0.83 దాకా పరుచుకుని ఉంది, కాబట్టి ఏది గెలిచిందన్న మాటే లేదు. 17 మంది మీద అంతకన్నా సన్నటి పట్టీ రాదు.

ఏడీసీ ఫీచర్లు రెండు మాత్రం, ఏ భాగాన్ని దాచినా మళ్లీ మళ్లీ పైకి వస్తున్నాయి. కరెంటు తర్వాత మచ్చలో ఏడీసీ అంకెల్లో అడుగు పది శాతం ఎక్కడుందన్నది వాటిలో ఒకటి. సగటు కాదు, అడుగు. మచ్చలో మూలన నక్కిన చిన్న కిక్కిరిసిన భాగం సగటులో కలిసిపోతుంది, అడుగున కనిపిస్తుంది. ఇది నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానంగా కూడా ఉంది.

నవంబరు 24

సర్జన్ గారికి చూపించాను. 0.68 అన్నప్పుడు ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. నిరాశపడతారనుకున్నాను.

"ఏమయ్యా, నువ్వు 0.9 తెచ్చినా నేను దాన్ని చూసి ఆపరేషన్ ఆపను," అన్నారు. "నేను వేలు పెట్టి చూస్తాను, స్కోపు వేసి చూస్తాను. తెల్లటి నున్నటి మచ్చ ఉండాలి. తర్వాత ఎమ్మారై. మూడూ ఒకే మాట చెబితేనే ఆగుతాను. అయినా కొంతమందికి మళ్లీ వస్తుంది."

ఎంతమందికన్నది 2018లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ రిజిస్ట్రీలో ఉంది. పూర్తిగా తగ్గినట్టు కనిపించి ఆపరేషన్ లేకుండా ఆగిన 880 మందిలో, రెండేళ్లలో పావు వంతు మందికి అదే చోట తిరిగి పెరిగింది. అలా పెరిగినవాటిలో 88 శాతం మొదటి రెండేళ్లలోనే బయటపడ్డాయి, 97 శాతం పేగు గోడలోనే. అంటే వేలికీ స్కోపుకీ అందేచోటే.

"కాబట్టి నాకు కావాల్సింది పోయిందో లేదో చెప్పే జోస్యం కాదు," అన్నారు. "వేలూ స్కోపూ ఎమ్మారై మూడూ పోయిందని చెప్పినవాళ్లలో ఎవరిని మూడు నెలలకి కాకుండా ఆరు వారాలకే మళ్లీ పిలవాలో చెప్పు. మా పేషెంట్లలో సగం మంది రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. అందర్నీ ఆరు వారాలకి రమ్మనలేను."

ఆరు నెలలుగా వేరే ప్రశ్నకి జవాబు వెతుకుతున్నానని అప్పుడర్థమైంది. ఆయన అడిగేదానికి కావాల్సిన పేషెంట్లు నా 96 మందిలో ఒక్కరూ లేరు. వాళ్లంతా ఆపరేషన్ అయినవాళ్లు. ఆయన అడిగేవాళ్లు ఆపరేషన్ కానివాళ్లు. జులైలో తీసేసిన ఆ 15 మందిలో కొందరు దానికి దగ్గర. కోఆర్డినేటర్‌ని వాళ్లకి మళ్లీ ఫోన్ చేయమన్నాను, ఈసారి ఆపరేషన్‌కి రమ్మని కాదు, ఊరికే ఒకసారి చూపించుకోమని. ఇప్పటికి నలుగురు ఎత్తారు. ఇద్దరు వస్తామన్నారు.

డిసెంబరు 8

ఈలోగా ఉన్న మోడల్‌ని ఊరికే వదలకుండా ఒక పని మొదలుపెట్టాం. కోడ్‌కి తాళం వేసేశాను, ఇక కామా కూడా మార్చను. కొత్తగా ఆపరేషన్‌కి వెళ్లే ప్రతి పేషెంటుకీ, కరెంటు తర్వాతి ఎమ్మారై మీద మోడల్ ఇచ్చిన అంకెనీ మేడమ్ ఇచ్చిన గ్రేడునీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతుకు మీద సంతకం చేస్తాం. సర్జన్ చూడరు, పాథాలజీ చూడదు. వైద్యంలో దాని వల్ల ఏ మార్పూ ఉండదు, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నది కూడా అంతవరకే. రిపోర్టు వచ్చాకే కవరు చింపుతాం. ముప్పై కవర్లు అయ్యేదాకా ఒక్కటీ కలిపి లెక్కవేయకూడదని ఒట్టు. బిర్యానీ మీద కూడా ఒట్టు.

ఇవాళ మొదటి కవరు. గడ్డ బాగా కిందుంది. మోడల్ 0.31 అంది, అంటే మిగిలే ఉంటుందని. మేడమ్ బొమ్మల్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, గ్రేడు రెండు వేశారు. "నాకైతే మచ్చే అనిపిస్తోంది," అన్నారు. ఇద్దరికీ కుదరని కేసే మొదటిది కావడం బాగుంది.

కారిడార్‌లో బయటికి వస్తుంటే ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. నా మెళ్లో ఐడీ కార్డు చూసి డాక్టర్ అనుకున్నట్టున్నారు. చేతిలో ఆరోగ్యశ్రీ ఫైలు.

"అయ్యా, గురువారం ఆపరేషన్ అన్నారు. నాకు సంచి పెడతారా?"

నేను డాక్టర్ని కాదని, కంప్యూటర్ పని చేసేవాణ్ణని చెప్పాను. సర్జన్ గారి గది చూపించి, వరుసలో కూర్చోబెట్టి వచ్చాను. ఆ కవరులో ఉన్నది ఆయన పేరేనో కాదో నాకు తెలియదు, కోడ్ మాత్రమే తెలుసు. కవరు మీద తేదీ వేసి, బీరువాలో పెట్టి, తాళం మేడమ్‌కి ఇచ్చేశాను.